మలుపు దగ్గర దగ్గు

ఎలుగుబంట్లు ఒకదాని ముఖం చూసి ఇంకొకటి అచ్చంగా అదే ముఖం పెడతాయని శాస్త్రవేత్తలు కనిపెట్టారట. నిన్న మా కాలేజీ స్టాఫ్‌రూంలో టీ తాగుతూ ఫోన్లో చదివాను. ఆగ్నేయాసియా అడవుల్లో ఉండే చిన్నజాతి ఎలుగులు ఆడుకునేటప్పుడు ఒకటి నోరు తెరిస్తే రెండోది కూడా అలాగే తెరుస్తుందట. ఒకటి పై పళ్లు చూపిస్తే ఇదీ చూపిస్తుందట. ఒంటరిగా తిరిగే జంతువుకి ఇంత నేర్పు ఉంటుందని ఇంతవరకూ ఎవరూ అనుకోలేదట. నాకు ఒళ్లు మండింది. ఎవరూ అనుకోకపోవడమేమిటి? ఒకాయన అనుకున్నాడు. అనుకుని ఊరుకోలేదు, నా ఎదురుగా బండ మీద కూర్చుని సగం ముఖంతో చేసి చూపించాడు. ఆ పేరాని థీసిస్‌లోంచి కొట్టేసింది నేనే.

యూనివర్సిటీలో మా జంతుశాస్త్ర విభాగంలో ఆయన అటెండరు. రికార్డుల్లో మాత్రం ఇరవయ్యేళ్లుగా రోజుకూలీ. నల్లమల అంచున ఏదో ఊరు. ఆయన పేరు ఇక్కడ రాయను. రాయొద్దని ఆయనే అన్నాడు. ఎందుకన్నాడో ఆ సంగతి వచ్చినప్పుడు చెబుతాను.

ముఖం గురించి మాత్రం చెప్పక తప్పదు. కుడివైపు కన్ను లేదు. నుదుటి నుంచి దవడ దాకా ఎవరో తొందరపడి గోనెసంచి కుట్టినట్టు కుట్లు. ఆ సగం కదలదు. నవ్వినా, తిట్టినా, అన్నం నమిలినా ఎడమవైపే పనిచేసేది. బస్సు ఎక్కేటప్పుడు గళ్ల దస్తీ ఒకటి తీసి కళ్ల కింది నుంచి ముఖానికి కట్టుకునేవాడు. "పిల్లలు జడుసుకుంటరు మేడం" అనేవాడు. డిపార్టుమెంటులో నన్ను మేడం అని పిలిచేవాడు. అడవిలోకి వెళ్లగానే 'బిడ్డా' అయిపోయేదాన్ని. చివరి రోజుల దాకా ఆ తేడా తప్పలేదు.

ఆయన కంటే ముందు ఆయన దగ్గు వచ్చేది. వరండా మలుపు తిరిగే ముందు ఒక దగ్గు. మెట్ల దగ్గర ఇంకోటి. ప్రొఫెసర్ గది తలుపు తోసే ముందు మరోటి. జలుబూ లేదు, ఆస్తమా లేదు. కొత్తగా చేరిన వాళ్లు మందు బిళ్లలు ఇవ్వబోయేవారు. ఆయన తీసుకుని జేబులో వేసుకుని, "శుక్రియా" అని చెప్పి, తర్వాతి మలుపులో మళ్లీ దగ్గేవాడు.

ఒకసారి నా ఫీల్డు నోట్‌బుక్కులు ఇవ్వడానికి తార్నాకలో మా ఇంటికి వచ్చాడు. వీధి మలుపులో ఒకటి, గేటు దగ్గర ఒకటి, మెట్ల మీద ఒకటి, మూడు దగ్గులు దగ్గాడు. మా అమ్మ టీబీ అనుకుంది. టీ విడిగా ఒక స్టీలు గ్లాసులో పోసి ఇచ్చింది. ఆయన తాగి, కుళాయి దగ్గర తానే కడిగి, ఆ గ్లాసుని ఇంట్లోకి పంపకుండా పిట్టగోడ మీద బోర్లించి వెళ్లాడు. అమ్మకి దగ్గు సంగతి అప్పుడే చెప్పి ఉండాల్సింది. సాయంత్రం చెప్పాను. ఆ గ్లాసు మళ్లీ ఎప్పుడూ వంటింట్లో కనబడలేదు.

దగ్గు కథ నేను అడవిలో విన్నాను. నా పరిశోధన ఎలుగుబంట్ల మీద. చెప్పుకోవడానికి గొప్పగా ఉంటుంది గానీ, నిజానికి నా పరిశోధన ఎలుగుల పెంట మీద. పెంట పైపొర నుంచి, చెట్టు బెరడుకు చిక్కిన వెంట్రుకల నుంచి డీఎన్ఏ తీస్తే, ఎలుగును చూడకుండానే ఎన్ని ఉన్నాయో, ఏది ఆడో ఏది మగో చెప్పొచ్చు. అప్పటికి మా దగ్గర అది కొత్త పని. నేను గ్లవుజులు వేసుకుని, చిన్న సీసా తీసి, లేబుల్ రాసేలోపు ఆయన వంగి ఒక పుల్లతో పెంటని విప్పి చూసేసేవాడు.

"ఇది ముసల్ది బిడ్డా. ఇప్పపువ్వు నమలకుంట మింగింది. పండ్లు లేవు దానికి."

"నిన్నటిదా అన్నా?"

"పొద్దుగాలది. వాసన సూడు."

నేను చూడలేదు. ఒక వాగు వెంబడి నా లెక్కలో మూడు ఎలుగులు తేలితే ఆయన ఐదన్నాడు. ఆర్నెల్ల తర్వాత ల్యాబు కూడా ఐదే అంది. ఆ మాట చెప్పినప్పుడు ఆయన గొప్ప పోలేదు. "మీ మిషను మంచిదే" అన్నాడు.

అడవిలో ఆయన నడక చాలా రొదగా ఉండేది. దగ్గుతూ, ఎవరితోనో పోట్లాడుతున్నట్టు గట్టిగా మాట్లాడుతూ, కర్రతో బండల్ని కొడుతూ నడిచేవాడు. ఇలాగైతే ఎలుగు ఎలా కనబడుతుందని నేను విసుక్కుంటే అప్పుడు చెప్పాడు.

"నేను పిల్లగాన్ని అప్పుడు. తునికాకు తెంపే రోజులు. అవతలి ఊరోళ్ల దిక్కు ఆకు మంచిగున్నదని, వాళ్లకు తెల్వకుంట తెంపుకొద్దామని సప్పుడు చేయకుంట పోయిన. వాగు మలుపు తిరిగిన. గాడ ఉన్నది. ఈపు మీద రెండు పిల్లలు. నాకూ దానికీ నడుమ గింత జాగ" అని చేతులు చాచి చూపించాడు. "దానికి ఎటు పోవాల్నో తెల్వలే. నాకూ తెల్వలే."

"ఎందుకంత కోపం వాటికి?"

ఆయన ఎడమ కన్ను చిట్లించాడు. ఆ ప్రశ్న ఆయనకు నచ్చలేదని అర్థమైంది.

"కోపం ఎవలు చెప్పిన్రు? అది బుగులు. దానికి చెట్టెక్కి తప్పించుకునుడు అక్కరకు రాదు, ఉరికి బతుకుడు రాదు. పెద్దపులితోని పెరిగిన జంతువు గది. ఎదురువడ్డదాన్ని ముందు కొట్టాలె, గంతే తెలుసు. మనం వస్తున్నమని ముందే చెప్తే పక్కకు పోతది. నేను చెప్పలే. తప్పు నాది."

బుగులు అంటే భయం. మా ఇంట్లో వాడని మాట. ఆరోజు నుంచి నాకు ఇంకో మాట దొరకడం లేదు.

ముఖాల సంగతి కూడా ఆ ప్రయాణంలోనే. లోయకు అవతల బండల కింద ఎదుగుతున్న ఎలుగులు రెండు ఆడుకుంటున్నాయి. బైనాక్యులర్‌ని ఒక్క కంటికే ఆనించుకుని ఆయన చాలాసేపు చూశాడు. "సూడు బిడ్డా, ఇది నోరు తెరిస్తె అది గట్లనే తెరుస్తది. పై పండ్లు చూపిస్తె చూపిస్తది. దాస్తె దాస్తది. ముఖం కలిస్తె ఇగ కరవయి. కలువకపోతె లొల్లే." నాకు దూరం వల్ల అంత స్పష్టంగా కనబడలేదు. కనబడలేదన్నాను. దాంతో ఆయన నా ఎదురుగా కూర్చుని, తానే ఎలుగై, నోరు తెరిచి, ఎడమ పెదవిని పైకెత్తి పళ్లు చూపించాడు. కుడిసగం రాయిలా ఉండిపోయింది. నాకు నవ్వొచ్చింది. తప్పనిపించి పెదవి కొరుక్కున్నాను.

"ఆపకు బిడ్డా. ఎదుటోడు నవ్వంగ నువ్వు నవ్వకపోతెనే బుగులయితది" అన్నాడు. తర్వాత దస్తీ మడతపెట్టుకుంటూ, "నా ముఖంతోని ఎవలు ముఖం కలుపరు. ఎట్ల కలుపుతరు తియ్" అన్నాడు. జాలి కోరుతున్న గొంతు కాదు, వానొచ్చేట్టుంది అన్నట్టే అన్నాడు. నేను నోట్‌బుక్కులో ఎలుగుల సంగతి రాసుకున్నాను. రెండో మాట రాసుకోలేదు.

మా గైడు ఆ పేరా చదివి, "దీనికి రిఫరెన్సు ఏదమ్మా? ఇది సైన్సా, ముచ్చటా?" అన్నారు. నేను ఒక్క మాట వాదించకుండా కొట్టేశాను. నాకు డిగ్రీ కావాలి.

అప్పటికే ఉద్యమం క్యాంపస్‌ని చుట్టేసింది. గేటు దగ్గర ముళ్లకంచెలు, తార్నాక చౌరస్తాలో బారికేడ్లు, వారానికి రెండు బందులు. మాది కోస్తా నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డ కుటుంబం. నేను పుట్టింది ఇక్కడే, చదివింది ఇక్కడే, కానీ ఆ ఏడాది మా నాన్న ఫోన్లో కూడా గొంతు తగ్గించి మాట్లాడేవారు. "మనం నోరెత్తకుండా ఉంటే చాలు" అనేవారు. నేను క్యాంపస్‌కి వెళ్లడం తగ్గించేశాను. టియర్ గ్యాస్ నుంచి తప్పించుకోవడానికి పిల్లలందరూ ముఖాలకు తడిగుడ్డలు కట్టుకుని తిరుగుతున్న రోజులవి. ఆయన చూసి ముచ్చటపడ్డాడు. "ఇప్పుడు అందరు నా లెక్కనే అయిన్రు మేడం" అన్నాడు.

"తెలంగాణ వస్తదా అన్నా?" అని ఒకరోజు అడిగాను. ఆయనతో మాట్లాడేటప్పుడు నాక్కూడా ఆ యాస వచ్చేసేది. ఇంటికి రాగానే పోయేది.

"వస్తది. రాకేం పోతది. నా నౌకరి పర్మినెంట్ అయితదా, అది చెప్పు."

బందు రోజు మధ్యాహ్నం. హాస్టల్లో ఉండే స్నేహితురాలు ఫోన్ చేసి మా బ్లాకుకి పొద్దున్నుంచీ కరెంటు లేదని చెప్పింది. మూడేళ్ల శాంపిళ్లు ఫ్రీజర్లో ఉన్నాయి. పెంట, వెంట్రుకలు, ఒక చచ్చిన పిల్ల ఎలుగు చెవి ముక్క. అవి కరిగిపోతే నాకు థీసిస్ లేదు. నేను చెప్పులు వేసుకుంటుంటే నాన్న తలుపుకి అడ్డంగా నిలబడ్డారు.

"పెంట కోసం ప్రాణం పోగొట్టుకుంటావా?" అన్నారు.

నేను లోపలి గదిలోకి వెళ్లి ఆయనకు ఫోన్ చేశాను. సీతాఫల్‌మండిలో, స్టేషన్ వెనక ఒక్క గదిలో ఉండేవాడు. అక్కణ్నుంచి క్యాంపస్‌కి వెనకవైపు దారి ఉంది. ప్రాణం పోతుందని నన్ను వెళ్లనివ్వని చోటికి ఆయన్ని పంపుతున్నానని నాకు తట్టలేదు. తట్టలేదని ఇన్నేళ్లూ చెప్పుకుంటున్నాను.

"ఐసు దొరుకుతదా ఇయ్యాల?" అన్నాడు ముందు. తర్వాత తనే, "చాపలామె కాడ అడుగుత. నువ్వు పరేషాన్ గాకు బిడ్డా" అన్నాడు.

అడవి బయట, పట్నంలో ఉండగా ఆయన నన్ను బిడ్డా అనడం అదే మొదటిసారి. నేను దాన్ని కూడా గమనించలేదు. ఫ్రీజర్ తాళం ఎక్కడుందో చెప్పాను.

జరిగింది తర్వాత ఆయన చెబితే విన్నాను. థర్మోకోల్ డబ్బాలో ఐసు నింపుకుని, తలమీద పెట్టుకుని, గాలిలో ఘాటు ఉందని దస్తీ కట్టుకుని, వెనకదారిన బ్లాకులోకి వచ్చాడు. కింద ఎవరూ లేరు. మెట్లెక్కాడు. మా ల్యాబుకి వెళ్లే వరండా చివర్లో ఎడమకి మలుపు ఉంటుంది. ఆ మలుపు అవతల పోలీసులు ఉన్నారు. రాళ్లు రువ్విన పిల్లలు ఈ బ్లాకులో దాక్కున్నారని వెతకడానికి వచ్చి, గదులన్నీ నిశ్శబ్దంగా ఉంటే ఎటు వెళ్లాలో తెలియక నిలబడ్డారు. ఆయనకు వాళ్లు ఉన్నట్టు తెలియదు. వాళ్లకూ ఆయన వస్తున్నట్టు తెలియదు. మలుపు వచ్చింది. ఆయన దగ్గాడు.

మూడో రోజు బారికేడ్లు కాస్త సడలించాక నేను ల్యాబుకి వెళ్లాను. మలుపు దగ్గర థర్మోకోల్ ముక్కలు గోడవారగా ఊడ్చిపెట్టి ఉన్నాయి. గచ్చు మీద నీళ్లు ఎండిన మరక ఉంది, అది నీళ్ల మరకేనని అనుకున్నాను. తలుపు తీసేసరికి ఫ్రీజర్ గుర్రుమంటూ వినిపించింది. తెరిస్తే వేళ్లు అంటుకుపోయేంత చలి. సీసాల మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. ఒక్క లేబులు కూడా తడవలేదు.

నోటీసు బోర్డు మీద ఒక కాగితం ఉంది. మా వరుసలో ఫ్రీజర్లన్నీ జనరేటర్ లైనుకి కలిపామని, కరెంటు పోయినా భయం లేదని, రెండు వారాల కిందటి తేదీతో. నేను అన్ని రోజులుగా రాలేదు కాబట్టి చూడలేదు. ఆయన రోజూ ఆ బోర్డు ముందు నుంచే నడిచాడు. కాగితం ఇంగ్లీషులో ఉంది.

నేను ఆ కాగితాన్ని చింపేశాను. ఎందుకు చింపానో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుసు, ఇంకెవరూ చదవకూడదని.

ఆ బందు జరిగిన పదకొండో రోజున ఆయన పోయాడు. తలలో నెత్తురు గడ్డకట్టిందన్నారు. క్యాంపస్‌లో సంతాపసభ పెట్టారు. పిల్లలు ఎంతో దుఃఖంగా మాట్లాడారు. తమ కోసం నీళ్లు మోసుకొస్తూ దెబ్బలు తిన్నాడని ఒకబ్బాయి చెప్పి ఏడ్చాడు. ఆ డబ్బాలో నీళ్లేనని అందరూ నమ్మారు. కరిగాక అవి నీళ్లే కదా. ఉద్యమం కోసం వెళ్లాడని వందలమంది అనుకుంటున్న చోట, ఎలుగు పెంట కోసం వెళ్లాడని తెలిసిన దాన్ని నేనొక్కదాన్నే. వెనక వరుసలో నిలబడి, అందరితో పాటు చేయెత్తి జోహార్ అన్నాను. మరుసటి సంవత్సరం నాకు డాక్టరేట్ వచ్చింది.

చివరిసారి చూసింది సీతాఫల్‌మండిలో ఆయన గదిలో, ల్యాబుకి వెళ్లొచ్చిన రోజే. పెద్దాసుపత్రిలో తలకి కుట్లు వేసి ఉండమన్నారట. పక్క మంచాల వాళ్ల పేర్లు పోలీసులు రాసుకుంటున్నారని ఎవరో చెబితే, చెప్పకుండా లేచి వచ్చేశాడు. ఊరి నుంచి భార్య వచ్చి, గోడకి ఆనుకుని ఒక గిన్నెలో గంజి చల్లారుస్తోంది. నేను గుమ్మం ముందు చెప్పులు విప్పి, లోపలికి వెళ్లబోయే ముందు నాకు తెలియకుండానే దగ్గాను.

"రా బిడ్డా" అన్నాడు లోపలి నుంచి. నవ్వినట్టే వినిపించింది.

తలంతా కట్టు. ఎడమ కన్ను మాత్రం తెరిచి ఉంది. కొట్టినవాడి గురించి నేను ఏవో మాటలు అన్నాను, రాయడానికి వీల్లేని మాటలు. ఆయన చేయి ఊపి ఆపాడు.

"పోరడు బిడ్డా. ఇరువై ఏండ్లు గూడ ఉండయ్. ఏ ఊరి నుంచి తోలుకొచ్చిన్రో ఏమో. లాఠీ ఎత్తంగ చేతులు వణుకుతున్నయ్. కోపం గాదు, బుగులు. నేను దగ్గిన గద, ఎవడో మీదికి వస్తున్నడనుకున్నడు." తల మీది కట్టు సవరించుకున్నాడు. "మలుపు కాడ దగ్గాలె. గాడ దగ్గొద్దని నాకు తెల్వలే."

"నేను ఎవరితోనైనా మాట్లాడతాను. పేపర్లో రాయిస్తాను" అన్నాను.

"నా పేరు రాయకు. ఏడ రాయకు. మల్ల వస్తరు" అన్నాడు. ఎలుగు ముఖం చీల్చినా అడవికి పోవడం మానని మనిషి. ఆయన గొంతులో ఆ బుగులు వినడం నాకు అదే మొదలు. భార్య గిన్నె కింద పెట్టి తలుపు దగ్గరికి వేసింది.

తర్వాత అడిగాడు. నేను భయపడుతూ వచ్చింది ఆ ప్రశ్న కోసమే.

"శాంపిళ్లు కరగలే గద బిడ్డా?"

నిజం చెప్పాలనే అనుకుని వెళ్లాను. అన్నా, కరెంటుతో పనే లేకపోయింది, మీరు రానక్కర్లేదు, నేను ఫోన్ చేయకముందే అన్నీ భద్రంగా ఉన్నాయి అని. రైలు వంతెన కింద నడుస్తూ ఆ వాక్యాలని నాలుగైదుసార్లు అనుకున్నాను కూడా.

"లేదన్నా. ఒక్కటి కూడా కరగలేదు" అన్నాను. "మీ ఐసే కాపాడింది. డబ్బాలో మిగిలినవి వాచ్‌మన్ ఏరి లోపల పెట్టాడు."

వాచ్‌మన్ని ఎక్కణ్నుంచి తెచ్చానో నాకే తెలియదు. ఆయన ఎడమ పెదవి మెల్లగా పైకి లేచింది. పై పళ్లు కనబడ్డాయి.

"అయితే ఊకె పోలే" అన్నాడు భార్య వైపు చూసి. "విన్నవా, ఊకె పోలే." వృథా పోలేదన్నట్టు ఆమె కూడా తలూపింది.

మళ్లీ నా వైపు తిరిగి, నా ముఖాన్ని కాసేపు అలాగే చూశాడు. కన్ను మెరిసింది.

"సూడు, సూడు బిడ్డా... నువ్వు గూడ సగమే నవ్వుతున్నవ్. ఎలుగోలె."

చేత్తో తడుముకున్నాను. నిజమే. నా కుడిచెంప కదలడం లేదు. ఎడమవైపే పెదవి పైకి లాక్కుని, పై పళ్లు బయటపెట్టి, ఆయన ముఖాన్నే నా ముఖం మీద పెట్టుకుని కూర్చున్నాను. ఆ అబద్ధం ఆడింది ఆ ముఖంతోనే. ఆయన నమ్మాడు. ముఖం కలిసింది కదా.